ఒకే సినిమాకు ఎన్ని అట్టలు

సేల్స్ ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు కంపెనీ ముందు టై ఇస్తుంది, తర్వాత ట్రైనింగ్ ఇస్తుంది. తిట్లు తినడం ఎలాగో మాత్రం నేర్పదు. నా ఉద్యోగంలో ముఖ్యమైన పని అదే. నా ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు చెప్పి మిమ్మల్ని విసిగించను. అవి మా ఇంట్లోవాళ్లకే గుర్తులేవు. నన్ను తిట్టినవాళ్లలో ఇద్దరు ముగ్గురి గురించి చెబుతాను. వాళ్ల దగ్గర నేర్చుకున్నంత నేను ఏ ట్రైనింగులోనూ నేర్చుకోలేదు.

నేను పనిచేసింది ఒక హోమ్ వీడియో కంపెనీలో. థియేటర్లో ఆడి వెళ్లిపోయిన సినిమాను క్యాసెట్టు మీదో, సీడీ మీదో, డీవీడీ మీదో ఎక్కించి, రంగుల అట్టపెట్టెలో పెట్టి, ఇంట్లో కూర్చుని చూసుకోండని అమ్మే వ్యాపారం. ఇప్పటి పిల్లలకు డీవీడీ అంటే జొన్నచేలో పిట్టల్ని బెదరగొట్టడానికి కట్టే మెరుపు బిళ్ల. ఒకప్పుడు దానికోసం జనం షాపుల ముందు నిలబడేవాళ్లంటే నమ్మరు.

మాది కర్నూలు దగ్గరి గూడూరు. కంపెనీ నాకిచ్చిన ఏరియా ఆదోని, ఎమ్మిగనూరు, అటు చిప్పగిరి దాకా. సంచి నిండా పెట్టెలు సర్దుకుని బస్సెక్కేవాణ్ణి. శ్రావణమాసంలో ఉరుకుంద స్వామి గుడికి పోయే భక్తులతో బస్సులు కిక్కిరిసిపోయేవి. నా సంచి చూసి, "ఏముండాయప్పా దాంట్లో, సామి పాటలా?" అని అడిగేవాళ్లు. సినిమాలని చెబితే, "అయితే అట్ల జరుగు" అనేవాళ్లు. అమ్మకందారుకు గౌరవం వస్తువును బట్టి వస్తుందని నాకు తెలిసింది ఆ బస్సుల్లోనే.

మా మూర్తి సార్

మా రీజినల్ మేనేజర్ మూర్తి సార్ హైదరాబాదులో కూర్చునేవాడు. ఆయన సిద్ధాంతం ఒక్కటే. "జనం సినిమాను ఎన్నిసార్లయినా చూస్తారు శేఖర్. చూసిన ప్రతిసారీ కొనిపించడమే మన పని."

దానికి ఆయన దగ్గర ఒక సినిమా ఉండేది. పాతది, పెద్ద హీరోది. పేరు చెప్పను. ఆఫీసులో మేం దాన్ని కామధేనువు అనేవాళ్లం. ముందు అది క్యాసెట్టుగా వచ్చింది. తర్వాత రెండు సీడీలుగా వచ్చింది. తర్వాత డీవీడీ అయింది. అంతవరకు న్యాయమే, వస్తువు మారింది, జనం కొన్నారు. అక్కడితో ఆగితే ఆయన మూర్తి సార్ ఎందుకవుతాడు? స్పెషల్ ఎడిషన్ అన్నాడు. గోల్డెన్ ఎడిషన్ అన్నాడు. ఫ్యామిలీ ఎడిషన్ అన్నాడు. గోల్డెన్ ఎడిషన్‌లో బంగారమంటూ ఉంటే అట్ట మీది రంగే. అదీ చేతికి అంటుకునేది. ఫ్యామిలీ ఎడిషన్‌లో కొత్తదనం ఏమిటంటే అట్ట మీద హీరోగారి ఫ్యామిలీ ఫొటో.

ప్రతి పెట్టె మీదా 'ఎన్నడూ చూడని సన్నివేశాలతో' అని ఉండేది. లోపల ఉండేది దర్శకుడితో ముఖాముఖి. ఆయన సోఫాలో కూర్చుని గొంతు సవరించుకునేవాడు. గ్లాసెత్తి నీళ్లు తాగేవాడు. "ఈ సినిమా గురించి ఎంత చెప్పినా తక్కువే" అని, ఆ తక్కువ కూడా చెప్పకుండా ముగించేవాడు.

మూర్తి సార్ చెడ్డవాడు కాడు. మా ఆవిడకు ఆపరేషన్ అయినప్పుడు అడక్కుండానే సెలవిచ్చాడు. ఆయన లోపం ఒక్కటే. తను అమ్మే సినిమా ఒక్కటీ చూడడు. ఎందుకు సార్ అంటే, "చూస్తే అమ్మలేం శేఖర్" అనేవాడు. అది చమత్కారమని నవ్వేవాణ్ణి. నిజమని తర్వాత తెలిసింది.

ఎమ్మిగనూరు ఈరన్న

ఎమ్మిగనూరులో ఈరన్న అని మగ్గం నేసే ఆయన ఉండేవాడు. ఇంట్లో సినిమా మోగుతుంటే తప్ప ఆయనకు మగ్గం మీద చెయ్యి ఆడదు. కామధేనువు అంటే ప్రాణం. స్పెషల్ ఎడిషన్ కొన్నాడు, గోల్డెన్ ఎడిషన్ కూడా కొన్నాడు. ఒకరోజు నేను ఎమ్మిగనూరు షాపులో ఉన్నప్పుడు రెండు పెట్టెలూ తెచ్చి నా ముందు పెట్టాడు.

"సారూ, ఈ రెండిట్లో తేడా ఏందో సెప్పు."

"రంగు మారిందన్నా, శబ్దం ఇంకా స్పష్టంగా..."

"నా సెవులు బాగుండాయి. నాకు సెప్పొద్దు. మేము సీరకు అంచు మార్సి కొత్త సీర అంటే సంతలో తరుముకుంటారు. మీరు అంచు గుడ్క మార్సలేదు. మడత మార్సినారు."

షాపులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మేవాడు నవ్వితే కొన్నవాడి కోపం సగం దిగుతుంది. అయితే ఆ నవ్వు దొంగ నవ్వు కాకూడదు. నాకు నిజంగానే నవ్వొచ్చింది. ఈ మాట మూర్తి సార్‌కు ఫోన్లో చెబితే ఆయన కూడా మెచ్చుకున్నాడు. "భలే చెప్పాడయ్యా! మడత మార్చి కూడా అమ్మొచ్చన్నమాట" అని, ఆ నెలలోనే డైరెక్టర్స్ చాయిస్ ఎడిషన్ వదిలాడు.

ఆదోనిలో శెట్టిగారు

ఈరన్న ఒకసారి తిట్టి ఊరుకున్నాడు. రామలింగం శెట్టిగారు అలా ఊరుకునే మనిషి కాదు. ఆదోనిలో పత్తి వ్యాపారం ఆయనది. మనిషి భారీ, గొంతు మాత్రం సన్నం. కొత్త ఎడిషన్ వచ్చిందంటే బజారులో ఖాదర్ భాయ్ వీడియో షాపులో మొదటి పెట్టె ఆయనదే. మర్నాడు వచ్చి మొదట అరిచేదీ ఆయనే.

దానికి కారణం ఊరందరికీ తెలుసు. కామధేనువులో శెట్టిగారు నటించారు. పెళ్లికి ముందు పత్తి నమూనాలు తీసుకుని మద్రాసు పోయినప్పుడు, ఆయన దిగిన లాడ్జిలోనే సినిమావాళ్లు కూడా ఉన్నారట. స్టూడియోలో పత్తి మార్కెట్టు సెట్టు వేశారట. పత్తిని నిజంగా పట్టుకోవడం తెలిసిన మొహం ఒకటి కావాల్సి వచ్చి ఈయన్ను తీసుకుపోయారట. దూది పోగును రెండు బొటనవేళ్ల మధ్య లాగి చూసి, హీరో మొహం మీదే, "ఈ పత్తికి ఇంతే ధర, పో!" అనాలి. అన్నాడట.

"ఆ మాట అన్యాక హీరో నోట మాట రాలేదప్పా" అని ఆయన చెప్పేవాడు. నాకు చెప్పాడు, ఖాదర్ భాయ్‌కి చెప్పాడు, మార్కెట్లో హమాలీలకు చెప్పాడు, పెళ్లిచూపుల్లోనే సుగుణమ్మగారికి చెప్పాడు.

సినిమా విడుదలైనప్పుడు కొత్త పెళ్లికూతుర్ని, ఆమె తరఫు చుట్టాలందర్నీ వెంటబెట్టుకుని థియేటరుకు పోయాడట. తెరమీద హీరో సంచి భుజాన వేసుకుని మార్కెట్ గేటులోకి పోయాడు. మరుక్షణం బస్సెక్కుతున్నాడు. మధ్యలో శెట్టిగారు లేరు. నిడివి ఎక్కువైందని కత్తిరించేశారు.

"మీరు గేటు బైట నిలబడినారేమో" అందట సుగుణమ్మగారు.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఆ సీను ఉందా లేదా అన్నది తేలని వ్యాజ్యం. అందుకే 'ఎన్నడూ చూడని సన్నివేశాలతో' అన్న ప్రతి పెట్టెనూ ఆయన కొనాల్సి వచ్చేది. కొని, మండీ వెనక గదిలో మధ్యాహ్నం పూట తలుపేసుకుని తానొక్కడే ముందు చూసేవాడు. తర్వాత బయటికొచ్చి ఖాదర్ భాయ్ షాపు అదిరేట్టు అరిచేవాడు.

"మోసం! పచ్చి మోసం! సూడని సీన్లు అంటారు, ఇప్పుడు గుడ్క సూడలేకపోతిమే!"

ఖాదర్ భాయ్ చేతులు రెండూ పైకెత్తేవాడు. "అరె శెట్టీ, నేనేం చేసేది భాయ్? డబ్బా వాళ్లది, గాలీలు నాకు, తిట్లన్నీ నాకే" అని నన్ను చూపించేవాడు.

ఒకసారి సుగుణమ్మగారు నన్ను ఇంటికి పిలిపించారు. పాత పెట్టెలన్నీ హాల్లో వరసగా పేర్చి ఉన్నాయి. ఒకదాంట్లో ఆమె గుండుసూదులు, బొత్తాములు పెట్టుకున్నారు. ఇంకొకటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టారు.

"కాఫీ తాగు శేఖరా" అని, నేను తాగేదాకా ఆగి, మొదలుపెట్టారు. "ఈయన కొనేదానికి కొంటాడు, అరిసేదానికి అరుస్తాడు. పెండ్లయినప్పటి నుంచి అదే కత నేను వింటాండా. ఆ సీను ఉంటే సూపియ్యి. లేదంటే లేదని సెప్పు. ఏదో ఒగటి తేల్చండప్పా. మీరు లేనిదాన్ని ఉందని ఊరిస్తాంటే ఈయన ఎట్ల మానుకుంటాడు?"

మాకు ట్రైనింగులో నేర్పిన జవాబులు చాలా ఉండేవి. ఒక్కటీ ఆమె కళ్లలోకి చూసి చెప్పదగ్గది కాదు. మీరూ గుర్తుపెట్టుకోండి: కొనే మనిషి మొహం చూసి చెప్పలేని మాటను అట్ట మీద అచ్చు వేయకూడదు.

కల్యాణమండపంలో

ఆ తర్వాత మూర్తి సార్ పరిపూర్ణ ఎడిషన్ అని ఒకటి తయారుచేశాడు. ఆదోనిలో గిరాకీ బాగుంటుందని అక్కడే విడుదల పెట్టాడు. ఒక కల్యాణమండపం తీసుకుని, డీలర్లను, పేరున్న కస్టమర్లను పిలిచి, తెర కట్టించాడు. ఖాదర్ భాయ్ వచ్చాడు. ఎమ్మిగనూరు నుంచి ఈరన్న బావమరుదులతో సహా వచ్చాడు. శెట్టిగారు ముందు వరసలో కూర్చున్నారు. పక్కన సుగుణమ్మగారు.

మూర్తి సార్ మైకు పట్టుకుని, "ఇంతవరకు వచ్చినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు" అన్నాడు. అది ఆయన ప్రతి ఎడిషన్‌కూ అనే మాటే.

సుగుణమ్మగారు లేచి నిలబడ్డారు. "సారూ, సీర కొంటే ఇప్పి సూపిస్తారు. పత్తి కొంటే బేలు లోపల్నుంచి తీసి సూపిస్తారు. మీది గుడ్క ఇప్పి సూపియ్యండి. సూసినాక కొంటాం."

"తప్పకుండా అమ్మా!" అన్నాడు సార్. ఆయనకు భయమెందుకు? ఆ డిస్కులో ఏముందో తెలిస్తే కదా. రిమోటు తీసుకుని, 'ఎన్నడూ చూడని సన్నివేశాలు' అన్నచోట ధీమాగా నొక్కాడు.

తెరమీద సోఫా కనిపించింది. సోఫాలో దర్శకుడు. గొంతు సవరించుకున్నాడు. గ్లాసు ఎత్తాడు.

వెనక నుంచి ఈరన్న గొంతు వినిపించింది. "ఈయప్ప దప్పిక ఇంగా తీరలేదా?"

మండపం పగిలేలా నవ్వారు. మూర్తి సార్ మళ్లీ నొక్కాడు. ఈసారి మా కంపెనీ విడుదల చేయబోయే ఇంకో సినిమా ప్రకటన వచ్చింది. మళ్లీ నొక్కితే మళ్లీ సోఫా. నవ్వులు అరుపులయ్యాయి. తలా ఒక పాత పెట్టె పేరు చెప్పి, నా పెట్టె మోసం అంటే నా పెట్టె మోసమని లేచారు. సుగుణమ్మగారు మాత్రం గొంతు పెంచలేదు.

"ఆ సీను తెచ్చేదాకా మా ఊర్లో మీ పెట్టె ఎవురూ కొనరు. ఏమంటావు ఖాదర్ భాయ్?"

"ఆపా, పెద్దక్క నువ్వు చెప్పినాక నేనేముంది? బంద్" అన్నాడు ఖాదర్ భాయ్.

మూర్తి సార్ చెమట తుడుచుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు. "తెస్తాం! మా శేఖర్ చెన్నై వెళ్లి ఆ సీను తెస్తాడు!" అని మైకులో ప్రకటించాడు. మెట్లు దిగేటప్పుడు మైకు లేకుండా మిగతాది చెప్పాడు. "దొరికితే సరే. దొరక్కపోతే నువ్వు వేరే ఉద్యోగం దొరికించుకో."

నేను భయపడ్డాను. ఆదోని, ఎమ్మిగనూరు ఆగిపోతే నా ఏరియాలో మిగిలేది బస్సు ప్రయాణమే. ఆ హడావుడిలో ఒక సంగతి గమనించలేదు. అంత గొడవలోనూ శెట్టిగారు ఒక్క మాట కూడా అరవలేదు.

స్టేషన్లో

చెన్నై రైలు కోసం ఆదోని స్టేషన్లో కూర్చున్నాను. రైలు ఆలస్యం. శెట్టిగారు ఆటో దిగి, అటూ ఇటూ చూసుకుంటూ వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నారు. చేతిలో వేరుశనక్కాయల పొట్లం. నాకు కొన్ని పెట్టి, తాను తినకుండా చేతిలోనే నలుపుతూ ఉండిపోయారు.

"శేఖరా, ఆ సీను దొరుకుతాదంటావా?"

"దొరికేదాకా వెతుకుతాను శెట్టన్నా. మీరు దిగులుపడొద్దు."

"నా దిగులు అదేనప్పా." ఆయన సన్నగొంతు ఇంకా సన్నబడింది. "దొరకకుంటే బాగుంటాది."

నేను అర్థంకాక ఆయన మొహం చూశాను. అప్పుడు చెప్పారు. ఆయన చెప్పే కథంతా నిజమే, కాకపోతే సగం. 'ఈ పత్తికి ఇంతే ధర, పో' అన్నాక హీరోకు నోట మాట రాలేదన్నది నిజం. మాటకు బదులు చెయ్యి వచ్చింది. రైతు పక్షాన నిలబడిన హీరో, శెట్టిని చెంపమీద కొట్టాలి. ఉత్తుత్తి దెబ్బ అన్నారు. హీరో చెయ్యి తప్పి నిజంగానే తగిలింది.

"పత్తి కుప్పలో బోర్లా పడినా. లేస్తాంటే ముక్కు నిండా దూది. అందురూ నవ్వినారు. ఆ హీరో గుడ్క నవ్వినాడు. బాగా వచ్చింది, ఇదే ఉంచండి అన్యాడు."

"మరి అక్కకు చెప్పలేదా?"

"సుగుణకు ఆ హీరో అంటే పానం. ఆయనతో నటించినా అంటే ఆ పొద్దు కండ్లు ఇంతింత సేసుకుని సూసింది. దెబ్బ తిన్యా అని ఎట్ల సెప్పేదప్పా? సగం సెప్పినా. రోజులు గడిసే కొద్దీ మిగతా సగం ఇంగా బరువైపోయింది."

కొత్త పెట్టె వచ్చిన ప్రతిసారీ తలుపేసుకుని ముందు చూసింది అందుకే. సీను లేదని తెలిశాక గుండె కుదుటపడి, వెంటనే అనుమానం రాకుండా బయటికొచ్చి అరిచేవాడు. మా కంపెనీ మోసం చేసిన ప్రతిసారీ ఈ మహానుభావుడు లోపల దండం పెట్టుకున్నాడన్నమాట.

నాకు నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి ఆపుకున్నాను. అందరికంటే గట్టిగా అరిచే కస్టమరు బాధ అతను అరిచే విషయంలోనే ఉండాలని లేదు. ఇది నాకు నా ఉద్యోగంలో చాలా ఆలస్యంగా తెలిసింది. మీకు ఇప్పుడే చెబుతున్నాను.

రైలు వచ్చింది. ఏ మాటా ఇవ్వకుండా ఎక్కాను. ఒకవైపు నా ఉద్యోగం, ఇంకోవైపు ఆయన మొహం. కిటికీలోంచి చూస్తే ఆయన ఇంకా బెంచీ మీదే కూర్చుని వేరుశనక్కాయలు నలుపుతున్నారు.

చెన్నైలో

ఆ సినిమాకు ఎడిటింగులో సహాయకుడిగా పనిచేసిన దొరై అనే పెద్దాయన్ను వెతికి పట్టుకున్నాను. పత్తి మార్కెట్ సీను అనగానే ఆయన పడిపడి నవ్వాడు.

"ఆ దెబ్బా? దాన్ని ఎట్లా మరిచేది! టేబుల్ మీద వెనక్కి తిప్పి తిప్పి చూసినాము. సినిమా పొడుగు ఎక్కువ అని తీసేసినాము. మాకే బాధ."

తెలుగులో తీసేసిన ముక్కలు ఎప్పుడో పోయాయి. కానీ ఆ సినిమాను కత్తిరించకముందున్న కాపీ నుంచి హిందీలోకి డబ్బింగ్ చేసినప్పుడు, అక్కడివాళ్లకు ఫైట్లు కావాలని హాస్యం తీసేసి, కొట్లాటలన్నీ ఉంచారట. కొట్లాట మొదలయ్యేది శెట్టిగారి చెంపతోనే కాబట్టి ఆయన కూడా మిగిలిపోయారు. దొరై తన మిత్రుడి దగ్గరున్న ఆ హిందీ ప్రింటు నుంచి సీను ఒక డిస్కులోకి ఎక్కించి ఇప్పించాడు.

నేను మూర్తి సార్‌కు ఫోన్ చేయలేదు. కంపెనీ జీతం తింటూ అలా చేయొచ్చా అంటే, నా లెక్కలో చేయొచ్చు. ఆ బొమ్మలో చెంప ఎవరిదో ఆ మనిషి చూశాకే ఎవరైనా చూడాలి. తిరిగొచ్చి నేరుగా శెట్టిగారి మండీకి వెళ్లాను.

చెంప

వెనక గదిలో ఆయన, నేను. డిస్కు పెట్టాను. తెరమీద బక్కపలచని కుర్రాడు, తల దువ్వుకుని, దూది పోగును బొటనవేళ్ల మధ్య లాగి చూశాడు. తలెత్తి, పాతాళం లోంచి వచ్చినంత బండ గొంతుతో, "ఇస్ కపాస్ కా యహీ భావ్ హై, జావ్!" అన్నాడు. ఫెళ్లుమని దెబ్బ. కుర్రాడు పత్తిలోకి పోయాడు.

శెట్టిగారు కుర్చీ తెరకు దగ్గరగా జరుపుకున్నారు.

"ఎంత బక్కగా ఉన్యానప్పా" అన్నారు. మళ్లీ వేయమన్నారు. "పత్తి మాత్రం బాగా పట్టుకున్యా కదా?"

"చాలా బాగా పట్టుకున్నారన్నా."

మూడోసారి చూశాక లేచారు. "సుగుణను పిలుస్తా. ఇంగ చాలు ఈ దొంగాట." నేను సంచి తీసుకుని లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టారు. "నువ్వు ఉండు. నువ్వుంటే కొంచెం మర్యాదగా తిడ్తాది."

సుగుణమ్మగారు వచ్చి చూశారు. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. "ఇంగోసారి వెయ్యి" అన్నారు. వేశాను.

"నిజంగా తగిలిందా?" అని భర్తను అడిగారు.

"తగిలింది."

"ఏ సెంప?"

ఆయన చిన్నపిల్లాడిలా మొహం తిప్పి చూపించారు. ఆమె ఆ చెంప మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచారు. తర్వాత టీవీ వైపు తిరిగి, అంతకాలం తాను ఆరాధించిన ఆ హీరోను ఒక మాట అన్నారు. ఆ మాట ఇక్కడ రాయను. ఆదోనివాళ్లు ఊహించుకోగలరు.

"వీని సినిమా వస్తాందంటే పొయ్యి మీద పాలు గుడ్క మర్సిపోతాంటినే! మీరు తిరిగి ఎందుకు కొట్టలేదు?"

"ఆయప్ప హీరో గదా."

"అయితే?"

శెట్టిగారు మళ్లీ చెంప తడుముకున్నారు. అప్పుడు ఆమెకు నవ్వు మొదలైంది. "అయినా ఆ గొంతు ఎవురిది? అంత గొంతు మీకుంటే నేను ఎప్పుడో మాట వినుందును." శెట్టిగారు కూడా నవ్వారు. నవ్వి నవ్వి కండువాతో కళ్లు తుడుచుకున్నారు. ఇన్నేళ్లు ఆయన దాచింది ఆమెకు ఒక గడియ కూడా బరువు కాలేదు.

ఇక వ్యాపారం సంగతి ఆమే తేల్చారు. "ఈ సీను అందురికీ సూపియ్యండి. కానీ ఎవురూ మల్లా కొనేది లేదు. పాత పెట్టె ఏది తెచ్చినా సరే, తీసుకుని కొత్తది ఊరికే ఇయ్యాల. దానికి ఒప్పుకుంటేనే ఈయన మొహం వాడుకోండి. మీ సార్‌కు ఫోన్ సెయ్యి."

మూర్తి సార్ ఫోన్లో ఎగిరిపడ్డాడు. ఊరికే ఇవ్వడం అన్న మాట ఆయన డిక్షనరీలో లేదు. సుగుణమ్మగారు ఫోన్ తీసుకుని, "సారూ, మీ పెట్టెలు మా ఇంట్లో తలుపుకు అడ్డం పెట్టినాము. ఊరంతా తలుపులుండాయి" అన్నారు. సార్ ఒప్పుకున్నాడు.

మార్పిడి రోజున ఖాదర్ భాయ్ షాపు ముందు తిరనాళ్లలా జనం. చిప్పగిరి నుంచి కూడా వచ్చారు. ఈరన్న వీధిలోవాళ్ల పెట్టెలన్నీ మూటగట్టి తెచ్చాడు. మధ్యలో కుర్చీ వేసి శెట్టిగారిని కూర్చోబెట్టారు. వచ్చినవాళ్లంతా "శెట్టీ, ఏ సెంప?" అని అడగడం, ఆయన తిప్పి చూపించడం. ఖాదర్ భాయ్ ప్రతి గంటకోసారి, "క్యా ఉర్దూ శెట్టీ! మా ఇంట్లోవాళ్లకు కూడా అంత బాగా రాదు" అనడం. నా సర్వీసులో కొన్నవాళ్లంతా నవ్వుతూ ఇంటికి పోయిన రోజు అదొక్కటే. ఆ రోజు నేనేమీ అమ్మలేదు.

ప్రమోషన్ల గురించి చెప్పనన్నాను కానీ ఒకటి చెప్పక తప్పదు. ఆ మార్పిడి సంగతి హెడ్డాఫీసుకు తెలిసి, 'కస్టమర్ల మనసు గెలిచిన పథకం' అని మూర్తి సార్‌కు పై ఉద్యోగం ఇచ్చారు. ఆయన సన్మానసభకు సుగుణమ్మగారిని మాత్రం పిలవలేదు.

ఇప్పుడు

డిస్కులు పోయాయి. మా కంపెనీ పోయింది. ఖాదర్ భాయ్ షాపులో ఇప్పుడు ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. అట్టలైతే పోలేదు. 'సరికొత్త హంగులతో, పూర్తి నిడివితో' అంటూ అదే కామధేనువు మొన్న ఒక ఫోన్ యాప్‌లోకి వచ్చింది.

ఆదోని వెళ్లినప్పుడు శెట్టిగారిని చూడటానికి పోయాను. బాగా వయసు మీదపడింది. డీవీడీ ప్లేయరు చెడిపోయి, బాగుచేసేవాళ్లు లేక, కొత్తగా యాప్‌కు చందా కట్టారట. సినిమా మొత్తం చూశారట. హీరో గేటులోకి పోయాడు, బస్సెక్కాడు. మళ్లీ మధ్యలో ఏమీ లేదు.

నేను వెళ్లేసరికి ఆయన కస్టమర్ కేర్‌తో మాట్లాడుతున్నారు. స్పీకర్ పెట్టి ఉంది.

"వస్తువు కాదమ్మా పోయింది. దెబ్బ. నా సెంపదెబ్బ. పూర్తి నిడివి అని రాసినారు గదా, అది యాడికి పోయింది?"

"సార్, మిమ్మల్ని ఎవరైనా కొట్టారా?" అని ఆ అమ్మాయి కంగారుగా అడిగింది.

"కొట్టినాడు తల్లీ! హీరో! దాన్నే తీసేసినారు, అది మల్లా పెట్టండి అంటాండా!"

"ఇట్ల ఇయ్యండి, మీకు సెప్పేకి రాదు" అని సుగుణమ్మగారు ఫోన్ లాక్కున్నారు. "ఇదో పాపా, మొదటి నుంచి సెప్తా, ఇను. ఈయన పెండ్లికి ముందర పత్తి తీసుకుని మద్రాసుకు పోయినాడు..."

ఆ అమ్మాయి ఫోన్ పెట్టేసింది. వాళ్లు మళ్లీ కలిపారు. నేను బయల్దేరేదాకా కలుపుతూనే ఉన్నారు. ఆ ఉద్యోగంలో చేరేది మీలో ఎవరైనా కావచ్చు. ఆదోని నుంచి ఒక సన్నగొంతు పెద్దాయన ఫోన్ చేసి తన చెంపదెబ్బ తనకు కావాలంటే, రాంగ్ నంబర్ అనకండి. పక్కన ఆవిడ కూడా ఉంటారు. ఆమె చెప్పేదాకా ఆగండి.